రెండో కార్డు మీది బొట్టు

రాజోలు,
2006 నవంబరు.

చి. వెంకటదుర్గకు భీమరాజు ఆశీస్సులు.

నేను క్షేమం. నా నడుం నొప్పి నా కంటే క్షేమం. ఇంకొన్నాళ్లు బస్సెక్కవద్దని డాక్టరు అన్నాడు కాబట్టి సెలవు పొడిగించమని రాజమండ్రి ఆఫీసుకు విడిగా రాశాను.

కొత్త సాఫ్ట్‌వేర్ సీడీ వచ్చిందని మన ఆఫీసు కుర్రాడు సత్యం కబురు చేశాడు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. ఎవరూ అంటే నువ్వు కూడా. మూతి ముడుచుకోకు. అమలాపురంలో ఆ రూటరును అట్టపెట్టెలోంచి తీసి నిలబెట్టింది నేను. కోనసీమలో ఏ ఊళ్లో ఎవరు ఇంటర్నెట్ తెరిచినా దాని గుండానే పోవాలి. మార్చిలో ఉద్యోగం మానేసే లోపు ఈ ఒక్క పెద్ద పనీ నా చేత్తో చేసి వెళ్లాలని ఉంది. ఇంకేమీ అడగను.

నువ్వు చేరి ఏడాది కాలేదు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. రూటరులో కంట్రోలు కార్డులు రెండు. ఒకటి పెత్తనం చేస్తుంటే రెండోది పక్కన కూర్చుని, మొదటిది చేసే ప్రతిదీ చూసి గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది. మొదటిది కూలబడితే మరుక్షణం రెండోది అందుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు కూడా అదే కిటుకు. ముందు ఖాళీగా ఉన్న దానికి కొత్తది ఎక్కించాలి, పెత్తనం దానికి అప్పగించాలి, ఆ తర్వాత మొదటిదాన్ని మార్చాలి. సరిగ్గా చేస్తే బయట ఎవడికీ ఏమీ తెలియదు. ఒక్క అడుగు తప్పితే అంతర్వేది దాకా చీకటే.

ఎప్పుడు చేసినా శుక్రవారం మాత్రం కాదు. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. మా రాజోలు వైపు నెట్ సెంటర్లలో తల్లులూ మొగుళ్లూ పిల్లలూ కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లపనులు చేసే ఆడవాళ్లతో ఆ రోజే మాట్లాడుకుంటారు. దాని మధ్యలో మనం వేలు పెట్టకూడదు.

ఫోన్ చేద్దామంటే, మొన్నటి గాలివానకు మా వీధి స్తంభం కొబ్బరిచెట్టుతో పాటు పడుకుంది. ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చేవాడి ఇంట్లో ఫోన్ లేదని మీ పిన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తోంది. అయినా యంత్రం పని నోటిమాట మీద చెయ్యకూడదు. చెయ్యాల్సింది కాగితం మీద ఉండాలి, ఆ కాగితం చేసేవాళ్ల చేతిలో ఉండాలి. కాబట్టి మనకు ఉత్తరాలే మేలు.

భీమరాజు


అమలాపురం,
నవంబరు.

పూజ్యులు బాబాయిగారికి వెంకటదుర్గ నమస్కారాలు.

సీడీ బీరువాలో ఉంది, తాళంచెవి నా సంచిలో ఉంది, నేను బుద్ధిగా ఉన్నాను. మూతి కూడా ముడుచుకోలేదు. ముడుచుకున్నా మీకు అక్కడి నుంచి కనబడదు కదా అని సత్యం అంటున్నాడు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. రెండో పేజీలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. పడుకుని రాస్తున్నారా? పడుకుంటే పూర్తిగా పడుకోండి, నేను ఆగుతాను.

ఆగలేని సంగతి ఒకటుంది. రూటరు మధ్యమధ్య బిగుసుకుపోతోంది. నాలుగైదు నిమిషాలు ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత తనే తేరుకుంటుంది. పోయిన శుక్రవారం కూడా పట్టపగలు అలాగే అయింది. ఇది పాత సాఫ్ట్‌వేర్ జబ్బనీ, సీడీలో ఉన్నదే మందనీ, కొత్త సంవత్సరం రాగానే ఎక్కించి తీరాలనీ రాజమండ్రి నుంచి సుబ్బరాజుగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. మీరు వస్తున్నారని చెప్పి నెట్టుకొస్తున్నాను.

నాకొక అనుమానం. మొదటి కార్డు అలా బిగుసుకుపోతే రెండోది వెంటనే అందుకోవాలి కదా. ఎందుకు అందుకోవడం లేదు?

మీరు వచ్చే లోపు నేను చదువుకుని ఉంటాను. చెయ్యాల్సిన వరస మొదటి నుంచి చివరి దాకా రాసి పంపండి. పిన్నిగారిని అడిగానని చెప్పండి.

మీ
దుర్గ


రాజోలు,
నవంబరు.

చి. దుర్గకు ఆశీస్సులు.

అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను, చదువుకో. కాగితాలు ఎక్కువ పట్టాయి, తపాలావాడు బరువు చూసి మూలిగాడు.

వరస విడిగా జతచేశాను. అందులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక రెండో కార్డు మళ్లీ మొదలయ్యే చోటు ఒకటుంది. అక్కడ చాలాసేపు ఏమీ జరగదు. చచ్చిందనుకుంటావు. చావలేదు. కంగారుపడి దాన్ని పీకి మళ్లీ పెట్టావంటే అప్పుడు నిజంగానే చస్తుంది. బయటికి వెళ్లి కాఫీ తాగి రా.

రెండోది ఎందుకు అందుకోలేదంటావా? మొదటిది పూర్తిగా పడిపోతేనే అది లేస్తుంది. తడబడితే లేవదు. దాని సంగతి నాకు వదిలెయ్యి. రోజూ పొద్దున్న దాని ముందు నిలబడి లైటు చూసే కదా నేను కుర్చీలో కూర్చునేది! సెలవు పెట్టిన రోజు కూడా చూశాను. పచ్చగా, నిక్షేపంగా ఉంది.

నువ్వు చెప్పిన శుక్రవారం సంగతి ఇక్కడ నాకు ఇంకోలా తెలిసింది. మా వీధి చివర వీరాయమ్మ అని చేపలమ్మే మనిషి ఉంది. కూతురు కువైట్‌లో ఉంది. ఏసుదాసు నెట్ సెంటర్లో కూర్చుని ఈసారి ఎప్పుడొస్తావే అని అడిగిందట, అంతే, తెర మీద పిల్ల మొహం బిగుసుకుపోయి మాట ఆగిపోయింది. కూతురే కోపం వచ్చి కట్ చేసేసిందనుకుంది ఆ పిచ్చితల్లి. మా ఇంటికి వచ్చి మీ పిన్ని ముందు కూలబడి, “నా మొగం మీదే పెట్టేసిందండీ, ఏటన్నానని!” అని ఒకటే ఏడుపు. అది యంత్రం చేసిన పని అని చెప్పాను. నమ్మలేదు. నమ్మించేలా చెప్పడం నాకూ చేతకాలేదు.

అందుకే ఆ పని త్వరగా కావాలి. నేను వస్తాను. నువ్వు తొందరపడకు.

భీమరాజు


అమలాపురం,
డిసెంబరు.

బాబాయిగారికి నమస్కారాలు.

మీరు పంపిన వరస అందింది. బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను.

ఒక చిన్న సంగతి. మొన్న దసరాకు రూటరుకు బొట్లు పెట్టింది ఎవరు? నేను ఆ రోజు మా అమ్మగారి ఊరు ఆత్రేయపురంలో ఉన్నాను. సత్యాన్ని అడిగితే నీళ్లు నములుతున్నాడు. ఊరికే అడుగుతున్నాను.

రాజమండ్రికి రాసి కంట్రోలు కార్డు ఒకటి అదనంగా తెప్పిస్తున్నాను. ఉంటే మంచిదే కదా.

మీ నడుం నొప్పి ఎలా ఉంది? వెంటనే రాయండి.

దుర్గ


రాజోలు,
డిసెంబరు.

చి. దుర్గకు ఆశీస్సులు.

ఈ దస్తూరీ మీ పిన్ని కామేశ్వరిది. నాకు కళ్లకలక వచ్చి నీళ్లు కారుతున్నాయి. నేను చెబుతుంటే తను రాస్తోంది.

(అమ్మా దుర్గా, నేను పిన్నిని. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు. రాసింది చదివి వినిపించమంటారు, అప్పుడు ఇవి వదిలేసి చదువుతాను. కళ్లకలక కాదు. నడుం నొప్పి అసలే కాదు. చివర రాస్తాను.)

బొట్ల సంగతి ఎందుకు అడిగావు? నేనే పెట్టాను. ఏటా నేనే పెడతాను. ఏసీ గాలికి రాలిపోకుండా కుంకుమ కొబ్బరినూనెలో తడిపి మరీ రెండు కార్డులకూ పెట్టాను. ఎవరైనా చెరిపారా? చెరిపితే ఎవరో చెప్పు. పెట్టిన బొట్టు తుడిచేసే అలవాటు మన ఇళ్లల్లో లేదు.

రెండూ బాగున్నప్పుడు మూడో కార్డు దేనికి? నీ ఉత్తరం పొడిపొడిగా ఉంది. నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా? సుబ్బరాజు అయితే చెప్పు, వాడి సంగతి నేను చూస్తాను.

(ఈ మాట గోడవైపు చూసి చెబుతున్నారు. నేను కిటికీ వైపు కూర్చున్నాను.)

పండుగల రద్దీ తగ్గాక వస్తాను. అందాకా బీరువా తాళం తియ్యవద్దు.

భీమరాజు

(అయిపోయిందన్నారు. ఇక నాది. చక్కెర జబ్బు కళ్లకు పాకింది తల్లీ. కంటి వెనక పొర పాడైందని కాకినాడ డాక్టరు చెప్పారు. లేజరు పెడుతున్నారు. ఉన్న చూపు నిలబడుతుందట గానీ పోయింది రాదట. ఎదురుగా పెట్టిన వస్తువు కనబడదు, పక్కనున్నది మసకగా తెలుస్తుంది. వేసవి నుంచీ ఇంతేనట. నాకే చెప్పలేదు. మజ్జిగ గ్లాసులో కాకుండా పంచె మీద పోసుకున్న రోజున పట్టుకున్నాను. “ఆ అమ్మాయికి చెప్పేవంటే నా మీద ఒట్టే. ఆ ఒక్క పనీ చేసి వచ్చేస్తాను, తరవాత నీ ఇష్టం” అన్నేరు. చెప్పనన్నాను. రాయనని మాత్రం అనలేదు.)


అమలాపురం,
డిసెంబరు.

బాబాయిగారికి నమస్కారాలు.

మీ కళ్లకలక త్వరగా తగ్గాలి. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పని ఎక్కువై ఆ రోజు పొడిగా రాశాను, క్షమించండి. ఇక్కడ అంతా బాగుంది.

పిన్నిగారూ, ఇక్కడి నుంచి నేను గీత గీసిన చోటు దాకా పైకి చదవకండి.

మీ మాటలు చదివి నేను స్టోర్ రూములోకి వెళ్లి ఏడ్చాను. ఇప్పుడు మీకు చెప్పాలి. బాబాయిగారి వరస చూసి ఉత్తుత్తిగా సాధన చేద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. రెండో కార్డు ఎంత పిలిచినా పలకలేదు. లేచి దగ్గరికి వెళ్లి చూస్తే, దాని లైటు ఉండాల్సిన చోట బొట్టు ఉంది. నూనెలో తడిపింది కదా, గట్టిగా లక్కలా పట్టేసింది. గోరు పెట్టబోతే సత్యం చెయ్యి పట్టుకున్నాడు. “బాబాయిగారు పెట్టిందండీ అది. చెరిపితే కళ్లు పోతాయండి” అన్నాడు.

దూదికి నూనె రాసి మెల్లగా తుడిచాను. కింద ఎర్రగా వెలుగుతోంది. పచ్చగా ఉండాల్సిన లైటు ఎర్రగా ఉంటే కార్డు పోయినట్టు. ఎన్నాళ్లయిందో తెలియదు. ఎర్ర బొట్టు కింద ఎర్ర లైటు, ఎవరికి కనబడుతుంది? కార్డు పోతే మోగాల్సిన గంటను కరెంటు పోయినప్పుడల్లా గోల పెడుతోందని ఎప్పుడో తీసి పక్కన పెట్టాం. నేనైతే పొద్దున్నే ఆ బొట్టుకు దండం పెట్టుకుని మరీ పనిలో కూర్చునేదాన్ని. ఇన్నాళ్లూ అంతర్వేది దాకా ఒక్క కార్డు మీద నడుస్తోందన్నమాట.

పాత దసరాల బొట్లు పైన ఇనుప చట్రం మీద వెలిసిపోయి ఇంకా ఉన్నాయి. ఈ ఏడు మాత్రం చట్రం మీద పడాల్సింది లైటు మీద పడింది. చెయ్యి ఎందుకు దిగిందో మీ ఉత్తరం చూశాకే నాకు అర్థమైంది.

రాజమండ్రికి కార్డు పోయిందని మాత్రమే రాశాను. ఎలా తెలియకుండా పోయిందో రాయలేదు. బాబాయిగారికి తెలిస్తే కుంగిపోతారు. కొత్తది రాగానే పెట్టేస్తాను. చట్రం మీద బొట్టు కూడా పెట్టేస్తాను. ఆయనకు ఏమీ తెలియక్కర్లేదు.

------

బాబాయిగారూ, సత్యం మీకు నమస్కారాలు చెప్పమన్నాడు. మందులు వేళకు వేసుకోండి.

మీ
దుర్గ


రాజోలు,
డిసెంబరు.

దుర్గా,

ఈసారి ఆశీస్సులు లేవు. (ఉన్నాయమ్మా.)

నీ ఉత్తరం మొత్తం మీ పిన్ని చదివింది. చదవొద్దన్న ముక్క కూడా.

(నిజమే. చదవకండి అన్న చోటికి వచ్చి, గీత కిందికి దూకబోయాను. “కాగితం తిప్పేవు, మాట రాలేదేం?” అన్నేరు. కళ్లు తగ్గాక చెవులు పాము చెవులయ్యాయి. ఇక దాచడం నా వల్ల కాలేదు. మొత్తం చదివేశాను.)

కార్డు పోయిందని నా దగ్గర దాచావు. నేను నీకు నేర్పింది ఇదా? మనిషి నొచ్చుకుంటాడని యంత్రం సంగతి దాచడం మొదలుపెడితే ఇక ఆఫీసెందుకు, పెళ్లిళ్ల పేరయ్యలుగా బతుకుదాం. ఎర్ర లైటు చూసిన రోజే నాకు రాయాల్సింది. మీ నూనె బొట్టు పాడుగాను అని తిట్టి రాసినా బాగుండేది.

(ఇంతవరకూ చెప్పి లేచి వరండాలోకి వెళ్లిపోయారు. కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వచ్చి కూర్చున్నారు.)

నేను దాచింది ఇంకా పెద్దదని మీ పిన్ని మొహం మీదే అంది. ఔను. రోజూ దాని ముందు నిలబడేవాణ్ణి. ఎప్పుడూ పచ్చగా ఉండేది కాబట్టి పచ్చగా ఉందనే చెప్పేవాణ్ణి. నాకు కనబడటం లేదు, ఒకసారి చూడమ్మా అని నీతో ఒక్క మాట అనడానికి సిగ్గుపడ్డాను. రాజమండ్రికి ఈ సంగతి నేనే రాయించి పంపాను. నీ మీద మాట పడనియ్యను.

అయినా ఆ పని నాదే. కొత్త కార్డు వచ్చాక కబురు చెయ్యి. మీ పిన్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. నువ్వు లైట్లు చూసి చెబుతూ ఉండు, చివరి కమాండు నేను కొడతాను. మీటలన్నీ నా వేళ్లకు తెలుసు. ఆ ఒక్కటీ నాకు ఇవ్వు దుర్గా. బతిమాలుతున్నాననుకున్నా సరే.

భీమరాజు

(బతిమాలడం ఈ ఇంట్లో ఇదే మొదలు.)


అమలాపురం,
2007 జనవరి.

బాబాయిగారికీ పిన్నిగారికీ దుర్గ నమస్కారాలు.

ఈ ఉత్తరం సత్యం చేతికిచ్చి బస్సు మీద పంపుతున్నాను, తపాలాలో ఆలస్యం కాకూడదని. పిన్నిగారూ, ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. ప్రతి అక్షరం చదవండి.

కొత్త కార్డు వచ్చింది. పెట్టాను. లైటు పచ్చగా ఉంది, నేనూ చూశాను, సత్యం చేత కూడా చూపించాను. కానీ మొదటి కార్డు ఇప్పుడు రోజూ బిగుసుకుపోతోంది. తడబడితే రెండోది లేవదని మీరు రాసింది నిజమే, కొత్త కార్డు పెట్టాక కూడా అంతే. పోయిన శుక్రవారం మలికిపురం, రాజోలు రెండూ గల్ఫ్ మాటల మధ్యలోనే ఆగిపోయాయి. ఈ శుక్రవారం పొద్దున్న పూర్తి చెయ్యకపోతే మొత్తం ఆపేసి తామే మనిషిని పంపి చేయిస్తామని సుబ్బరాజుగారు అన్నారు. అలా చేస్తే కోనసీమకంతటికీ రోజంతా ఏమీ ఉండదు.

మీకు ఈ సోమవారమే మళ్లీ లేజరు పెట్టారనీ, వారం దాకా బస్సెక్కకూడదన్నారనీ సత్యానికి తెలిసింది.

బాబాయిగారూ, మీ కోసం ఆగలేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో చెప్పలేను. మీరు నన్ను ఏదీ ఎప్పుడూ అడగలేదు. అడిగిన ఒక్కటీ ఇవ్వలేకపోతున్నాను. శుక్రవారం వద్దన్నారు, ఆ మాట కూడా దాటుతున్నాను. కువైట్‌లో వాళ్లు నిద్ర లేచే లోపు ముగించాలని నా ప్రయత్నం. చివరి కమాండు నేనే కొడతాను. భయంగా ఉంది.

మీరు ఒక్క సాయం చెయ్యాలి. ఆ పొద్దున్న ఏసుదాసు నెట్ సెంటర్ దాకా నడిచి వెళ్లి కూర్చోండి. ఇక్కడ నాకు లైట్లే కనబడతాయి. అక్కడ మాట తెగిందో లేదో మీకు వినబడుతుంది. తెగిన క్షణం ఏసుదాసు చేత ఆఫీసుకు ఫోన్ చేయించండి. పెత్తనం వెంటనే పాత కార్డుకు తిప్పేస్తాను.

మీ
దుర్గ


అమలాపురం,
జనవరి.

బాబాయిగారికి నమస్కారాలు.

అయిపోయింది. రెండు కార్డులూ కొత్త సాఫ్ట్‌వేర్ మీద ఉన్నాయి. అక్షరాలు వంకరటింకరగా పడుతున్నాయి, చూసి పిన్నిగారు నవ్వకూడదు.

అనుకున్న వేళకు మాత్రం కాలేదు. రెండో కార్డుకు కొత్తది ఎక్కించాక అది మళ్లీ మొదలవ్వాలి కదా, అక్కడ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఉలుకు లేదు. సత్యం, “పోయిందండీ, పీకేద్దామండీ” అంటూ నా చుట్టూ తిరిగాడు. నా చెయ్యి కూడా దాని మీదికి వెళ్లింది. కాగితంలో మీరు కాఫీ తాగి రమ్మన్నారు. వెళ్లి తాగాను. రుచి తెలియలేదు. తిరిగి వచ్చేసరికి పచ్చగా వెలుగుతోంది.

కానీ అప్పటికి గల్ఫ్ వేళ వచ్చేసింది. రాజోలు నుంచి, మలికిపురం నుంచి మాటలు పోతున్నట్టు తెర మీద తెలుస్తూనే ఉంది. సాయంత్రం దాకా ఆపేద్దామండీ అన్నాడు సత్యం. ఆపితే ఈ లోపు పాత కార్డు ఎప్పుడు బిగుసుకుంటుందో తెలియదు. అప్పుడు తెగడం ఖాయం. ఇప్పుడు చేస్తే తెగకపోవచ్చు. అంతే ఆలోచించాను. మిమ్మల్ని తలుచుకుని కమాండు కొట్టాను.

మొదటి కార్డు లైటు ఆరింది. ఫ్యాన్లు ఒక్కసారి గట్టిగా హోరెత్తాయి. రెండోది పెత్తనం తీసుకుంది. నేను ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను. మోగలేదు. మోగకపోతే మంచిదని తెలుసు. అయినా ఫోనే పాడైందేమోనని ఎత్తి చూశాను. బాగానే ఉంది.

అక్కడ ఏమైంది? మీరు వెళ్లారా? నా మీద కోపంతో వెళ్లలేదా? ఏదైనా సరే రాయండి.

మీ
దుర్గ


రాజోలు,
ఫిబ్రవరి.

చి. వెంకటదుర్గకు భీమరాజు, కామేశ్వరి ఆశీస్సులు.

వెళ్లాను. కోపం ఉంది, అయినా వెళ్లాను. మీ పిన్ని భుజం పట్టుకుని పొద్దున్నే వెళ్లి ఏసుదాసు వేసిన స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి వీరాయమ్మ వచ్చి కూతురిని పిలిచింది. వాళ్లకు చెవులు అప్పగించడం మర్యాద కాదు గానీ, నాకు వేరే పని లేదు. మాట ఎక్కడ తెగుతుందా అని కాచుకుని కూర్చున్నాను.

ఎన్ని మాటలు! పంటి నొప్పి తగ్గిందా అంటుంది తల్లి. పులస పులుసు తిని ఎన్నేళ్లయిందో అంటుంది కూతురు. జుట్టు ఊడిపోతోందంటే నూనె రాయడం లేదని తిట్టింది. ఈ మధ్యలో నేను ఏసుదాసును పదే పదే అడుగుతున్నాను. “ఆయ్, బాగానే వత్తందండీ రాజుగారూ” అంటాడు. ఆఖరికి వీరాయమ్మ భయంభయంగా మళ్లీ అదే ప్రశ్న అడిగింది, ఎప్పుడొస్తావే అని. కూతురు ఏమీ అనలేదు. తెగిందనుకుని ఏసుదాసు భుజం పట్టుకున్నాను. అంతలో, “ఏడవకే అమ్మా. వేసంకాలం వచ్చేత్తాను” అని వినబడింది.

(నేనూ ఏడ్చాను. నాకేం సంబంధమో తెలియదు.)

వీరాయమ్మ లేచి వెళ్లింది. ఇంకొకరు కూర్చున్నారు. వాళ్లకూ ఏమీ కాలేదు. మధ్యాహ్నం అయింది. దుర్గ భయపడి ఆగిపోయినట్టుంది, పని వాయిదా పడింది అని మీ పిన్నితో అన్నాను. ఇంటికి వచ్చేశాం. నిజం చెబుతున్నాను, దారిలో నాకు సంతోషంగా ఉంది. పని ఇంకా అలాగే ఉందనీ, నా కళ్లు కుదుటపడ్డాక నేనే వెళ్లి చెయ్యొచ్చుననీ అనుకున్నాను. ఆ రోజు అన్నం కూడా బాగా తిన్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అయిపోయింది అన్న మాట దగ్గర, మళ్లీ చదువు అన్నాను. మీ పిన్ని మళ్లీ చదివింది. నేను చెవులు రిక్కించి కూర్చున్న వేళలోనే, వీరాయమ్మ మాట్లాడుతుండగానే అయిపోయిందన్నమాట. మనసు చివుక్కుమంది. నేను లేకుండా జరిగిందని కాదు. నేను అక్కడే ఉన్నా, లేనట్టే, నాకు తెలియకుండా జరిగింది. ఆ రోజంతా వరండాలోనే కూర్చున్నాను.

(నిజమే. చుట్టుపక్కల వాళ్లు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.)

మర్నాటికి మెల్లగా తలకెక్కింది. బయట ఎవడికీ తెలియకూడదు అని నీకు చెప్పింది నేనే. ఆ ఎవడిలో నేనూ ఉన్నానని ఎప్పుడూ అనుకోలేదు. నేను పక్కన నిలబడి ఉంటే ఈ పని ఇంతకంటే బాగా అయ్యేది కాదు దుర్గా. ఆ ఫ్యాన్ల హోరుకు నీ కంటే నేనే ఎక్కువ కంగారుపడేవాణ్ణి. శుక్రవారం వద్దన్నాను, ఆ మాట దాటి మంచి పని చేశావు.

మార్చి దాకా ఆగడం లేదు. ఈ నెలతో మానేస్తున్నానని రాజమండ్రికి రాయించాను. అమలాపురం ఇక నీది. నేను ఖాళీ చేసిన చోటు మాత్రం ఖాళీగా ఉంచకు. సత్యాన్ని పక్కన కూర్చోబెట్టుకో. నువ్వు చేసే ప్రతిదీ వాడు చూడాలి, వాడి చేత అప్పుడప్పుడు చేయించాలి కూడా. ఏనాడైనా నీకు కనబడనిది ఏదైనా ఉంటే ముందు వాడికి చెప్పు. సిగ్గుపడకు.

(ఇక్కడితో చాలన్నారు. సంతకం మాత్రం తనే చేస్తానని కలం లాక్కున్నారు. కాగితం మీద చోటు ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపించాను.)

భీమరాజు